బోయీకి మూడు మాటలు

కథ బాగుందని చెప్పాలన్నా, బాగాలేదని చెప్పాలన్నా జలీల్ సాబ్‌కు ఫోను పనికిరాదు. బస్సెక్కి రావాల్సిందే. రాసినవాడి గుమ్మంలో నిలబడి, గొడుగు మొన నేలకు తాటించి, ఒకే ఒక్క ప్రశ్న అడగాల్సిందే. జవాబు దొరికిందాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. లోకంలో విమర్శకులు చాలా రకాలు. కొందరు చదవకుండానే రాస్తారు, కొందరు చదివి నోరు మెదపరు, కొందరు చదివినట్టు తలాడించి మర్యాదగా పక్కవీధిలోకి తిరుగుతారు. కానీ చదివి, చేత్తో కాగితం మీద ఎత్తి రాసుకుని, గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ వచ్చి నిలదీసే రకం మాత్రం గడ్‌చిరోలి జిల్లా మొత్తానికీ ఆయనొక్కడే.

అందుకే ఆ శుక్రవారం పొద్దున, సిరొంచ నుంచి చామోర్షి వైపు పోతున్న ఎర్రబస్సులో, ఆదయ్య గురుజీ వానాకాలంలో ఉన్ని మఫ్లరు ముక్కుదాకా చుట్టుకుని, కిటికీకి వీలైనంత దూరంగా ముడుచుకుని కూర్చున్నాడు.

"గురుజీ, జలుబు చేసిందా?" కండక్టరు పాండు అడిగాడు.

"ఊఁ."

"చామోర్షిల ఏం పనుండె?"

"పనేం లేదు. గాలి మార్పు."

"గాలి మార్పుకు చామోర్షి పోతున్న మొదటి మనిషి మీరే గురుజీ," అన్నాడు పాండు, టికెట్టు చింపి చేతిలో పెడుతూ.

ఈ పారిపోవడానికి కారణం నూరు మాటలు. సిరొంచ మొదలు చామోర్షి దాకా తొమ్మిది మంది తెలుగు రాసే పిచ్చివాళ్ళు కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. నెలకో విషయం. విషయం ఇచ్చే వంతు ఒక్కొక్కరిది. అందరూ సరిగ్గా నూరు మాటల్లో కథ రాయాలి, మిగిలినవాళ్ళు జవాబివ్వాలి. జవాబంటే ఏముంది, రెండు చేతులు జోడించిన బొమ్మ, ఒక గులాబీ, మరీ ప్రేమ ఎక్కువైతే మూడు గులాబీలు. నూరు మాటల కథకు ఆ మాత్రం చాలు. పూర్వం వెయ్యి పేజీల నవలలు రాసినవాళ్ళకు ఒక్క గులాబీ కూడా దక్కలేదు పాపం.

జలీల్ సాబ్ మాత్రం గ్రూపులో "చదివిన" అని ఒక్క మాట పెడతాడు. ఆ మాట చూస్తే రాసినవాడి గుండె జారుతుంది. అంటే సాబ్ సంచీ సర్దుకుంటున్నాడన్నమాట.

ఆయన అల్లపల్లి దారిలో అటవీశాఖ నాకా మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. టేకు లారీలు ఆపడం, దుంగ పొడవూ చుట్టుకొలతా కొలవడం, దుంగ చివర సర్కారు సుత్తితో ముద్ర కొట్టి "పాస్" అనడం. ఎంత పెద్ద కాంట్రాక్టరు లారీ అయినా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాకే గేటు లేచేది: ఎక్కడిది? ఎవలది? ఎక్కడికి పోతున్నది? రిటైరైన రోజు శాఖవాళ్ళు సుత్తి వెనక్కి తీసుకున్నారు గానీ ప్రశ్నలు తీసుకోవడం మరిచిపోయారు. ఇప్పుడాయన లారీల బదులు కథలు ఆపుతున్నాడు. సుత్తి బదులు గొడుగు పిడి. కథ నచ్చితే దానితో కాగితం మీద టక్కుమని కొట్టి పాస్ చేస్తానన్నాడు. మూడేళ్ళయింది. ఆ టక్కు శబ్దం ఎవరూ వినలేదు.

పోనీ, విషయమైనా మారుస్తాడా? తన వంతు వచ్చిన ప్రతిసారీ ఒకటే: "తప్పు దిద్దుకున్న మనిషి." ఈసారితో నాలుగోసారి. "సాబ్‌కు ఇంకో ముచ్చట రాదా?" అని గ్రూపంతా మూలిగింది. అయినా రాశారు.

చామోర్షి మార్కెట్‌లో గుమస్తా భీమ్‌రావు, తాగుబోతు మొగుడు సీసా నదిలో విసిరేసిన కథ రాశాడు. సోమవారం పొద్దున్నే జలీల్ సాబ్ అతని గుమ్మంలో ఉన్నాడు. ఆ సంగతి భీమ్‌రావే ఫోన్ చేసి ఆదయ్యకు చెప్పాడు.

"సీసా పడేసిండు, మంచిగున్నది. మరి ఎనిమిదో లైన్ల పెండ్లాం ముక్కుపుల్ల అమ్మిండు గద, అది యాడున్నది, అని అడిగిండు గురుజీ!"

"నువ్వేమన్నవ్?"

"నూరు మాటలే సాబ్, జాగ లేదు అన్న. దానికి ఆయన, కండ్లనీళ్ళకు పదహారు మాటలు ఖర్చు చేసినవ్, ముక్కుపుల్లకు రెండు పెట్టరాదా అన్నడు."

"అన్యాయం. మరి తర్వాత?"

తర్వాత ఏమైందో భీమ్‌రావు చెప్పలేదు. గొంతు తగ్గించి, "ఇంట్ల పని ఉన్నది గురుజీ," అని పెట్టేశాడు.

బుధవారం పెర్మిలి. అక్కడ అంగన్‌వాడీ సోనుబాయి, దొంగిలించిన మేకను తిరిగిచ్చేసిన దొంగ మీద కథ రాసింది. "మేక మూడు దినాలకు తిరిగొచ్చింది సరే. దాని పాలు తాగే పిల్ల ఆ మూడు దినాలు ఏం తాగింది?" అని అడిగాడట. గురువారం అల్లపల్లి. అక్కడ బట్టలు కుట్టే దేవక్క రాసిన కథలో అత్త కోడలి కాళ్ళు పట్టుకుంది, కోడలు ఏడ్చింది. "ఏడ్చిందని నువ్వు రాసినవ్ దేవక్కా. ఆమెను అడిగినవా?" అన్నాడట.

గాలివాన చామోర్షిలో పుట్టి, పెర్మిలి మీదుగా అల్లపల్లి చేరి, తిన్నగా సిరొంచ వైపు వస్తోంది. ఆదయ్య గురుజీ ముప్పై ఒక్క ఏళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాడు, ఈ లెక్క తేలిగ్గానే కట్టాడు. శుక్రవారం జుమ్మా నమాజుకు సాబ్ సిరొంచలో తన ఇల్లు చేరతాడు. ఆ సాయంత్రం తన గుమ్మంలో గొడుగు మోగుతుంది. కాబట్టి శుక్రవారం పొద్దున తాను ఎదురు బస్సెక్కి చామోర్షి వెళ్ళిపోవాలి. గాలివాన ఒకసారి వచ్చిపోయిన చోటికి మళ్ళీ రాదు. దారిలో రెండు బస్సులూ ఎదురుపడే అర నిమిషం మాత్రం తల వంచుకోవాలి. దానికే మఫ్లరు.

లెక్క తప్పలేదు. రోడ్డే తప్పింది. ముప్పై కిలోమీటర్లు పోయేసరికి కల్వర్టు పని జరుగుతున్న చోట, పక్కదారి బురదలో ఎదుటి బస్సు ఇరుసు దాకా దిగబడి ఉంది. ఈ బస్సు దాని ముక్కుకు ముక్కు ఆనించినట్టు ఆగింది.

"దిగుండ్రి, దిగుండ్రి! ట్రాక్టర్ వచ్చి లాగేదాకా కదిలేది లేదు," అని పాండు కేకేశాడు.

టార్పాలిన్ కింద టీ బండి ఒకటే ఉంది. దాని ముందున్న బల్ల కూడా ఒకటే. బల్ల మీద, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తెల్ల గడ్డం మీది వాన చుక్కలు తుడుచుకుంటూ జలీల్ సాబ్ కూర్చున్నాడు.

"రా మాస్తర్, కూసో. మఫ్లర్ మంచిగున్నది," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆదయ్య కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు, అటు బురద, ఇటు అడవి.

"నీ కోసమే వస్తున్న. నువ్వే ఎదురొచ్చినవ్. కిరాయి మిగిలింది," అంటూ జలీల్ సాబ్ సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

ఆదయ్య కథ గురించి కాస్త చెప్పాలి. ఆయన ఇదివరకు ఇదే విషయం మీద మూడు కథలు రాశాడు. మొదటిది, మాంసం మానేసి ఇప్పపూలు తిన్న పులి. రెండోది, సన్యాసం పుచ్చుకున్న గజదొంగ. మూడోదానిలో సకాలంలో కురవనందుకు ఒక మేఘం కుమిలిపోతుంది. ఇప్పుడు నాలుగోది: మహారాజు పల్లకి పగుళ్ళిచ్చింది. తప్పు మంత్రిది. కానీ మంత్రి దాన్ని పల్లకి మోసే బోయీ మీదకు నెట్టాడు. ఏళ్ళ తర్వాత మంత్రి గుండె కరిగి సభలో కన్నీరు కార్చాడు. మహారాజు కౌగిలించుకున్నాడు. గ్రూపులో ఈ కథకు ఇరవై గులాబీలు వచ్చాయి.

"కొలిచిన," అన్నాడు జలీల్ సాబ్, కాగితం అంచున రాసుకున్న అంకెలు చూపిస్తూ. "మంత్రి ఏడుపు, ఇరవై ఆరు మాటలు. మహరాజు కౌగిలి, పద్దెనిమిది. సభల చప్పట్లు, తొమ్మిది. బోయీకి ఎన్ని మాటలో చెప్పు?"

"లెక్కపెట్టలే సాబ్."

"మూడు. 'బోయీ దేశం వదిలాడు.' అంతే. తర్వాత వాడు మల్ల రాలే. మాస్తర్, ఒకటే అడుగుత. బోయీ యాడున్నడు?"

"జలీల్ భాయ్, అది కల్పన. బోయీ లేడు, పల్లకి లేదు."

"లేనోని మీద నేరం ఎట్ల మోపిండు మంత్రి?"

"నూరు మాటల్లో ఎంతమందిని ఎక్కిస్తం చెప్పు?"

"ఎర్రబస్సుల నూట పది మందిని ఎక్కిస్తరు. నీ కథల ఒక్క బోయీకి జాగ లేదా?"

టీ బండివాడు కిసుక్కున నవ్వాడు. ఆదయ్య టీ గ్లాసులోకి తల దూర్చాడు. నిజానికి ఆయన భయం కథ గురించి కాదు. పల్లకి అనేది ఒక రాగి దేగ్, పెద్ద వంటపాత్ర. మహారాజు జలీల్ సాబ్ భార్య కుబ్రా బీ. మంత్రి తానే. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకునే, ఆదయ్య దానికి కిరీటాలూ వింజామరలూ తగిలించి గ్రూపులో వదిలాడు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆదయ్య స్లాబు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. సిరొంచలో ఎవరింట పెద్ద వంట అయినా, ఏ కులమైనా ఏ మతమైనా, రెండు వందల మందికి బగారన్నం వండే ఆ రాగి దేగ్ కుబ్రా బీ ఇంటి నుంచే వెళ్ళాలి. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తీసుకెళ్ళినవాళ్ళు తోమి, కళాయి పెట్టించి తిరిగివ్వడం పద్ధతి. దాన్ని మోసే పని రాయమల్లు ట్రాక్టరుది. ఆ రోజు దేగ్‌ను ట్రాలీలో ఎత్తి కట్టింది ఆదయ్యే. తాడు రెండు చుట్లు చుట్టాడు. ఇంతలో ఎవరో పలకరిస్తే, ఒక పాత రాజుగారి కోటలో వంటశాల ఎంత పెద్దదో వర్ణించడం మొదలుపెట్టాడు. వర్ణన అయిపోయింది, ముడి వెయ్యడం మిగిలిపోయింది. ఊరి మలుపు దగ్గర దేగ్ దొర్లి రాళ్ళ మీద పడింది. సొట్టపోయింది, అంచు చీలింది. జనం పోగయ్యారు. "ఏమైంది గురుజీ?" అని వందమంది అడిగారు. అందులో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. "రాయమల్లు తేజీగ మలిపిండు," అనేశాడు.

ఆ ఒక్క మాటతో, రాయమల్లు ట్రాక్టరు మీద తన దేగ్ ఎక్కదని కుబ్రా బీ ఒట్టు పెట్టుకుంది. దేగ్ ఎక్కని ట్రాక్టరును పెళ్ళివాళ్ళు పిలవలేదు. రాయమల్లు ఎదురు చెప్పలేదు. అదే ఆదయ్యను ఎక్కువగా కాల్చింది. 'వాడికంతా తెలుసు, నా పరువు కోసం ఊరుకున్నాడు' అనుకుని, తొమ్మిదేళ్ళుగా వాడు ఈ సందులో కనబడితే ఆ సందులో నుంచి వెళ్తున్నాడు.

"ట్రాక్టర్ వస్తున్నది!" అని ఎవరో అరిచారు.

రాయమల్లు ట్రాక్టరంటే ముందు శబ్దం వస్తుంది, తర్వాత పొగ వస్తుంది, ఇంకో టీ తాగాక ట్రాక్టరు వస్తుంది. సిరొంచ తాలూకాలో దానికన్నా నెమ్మదైన వాహనం ఎద్దులబండి కూడా కాదు. రోడ్డు పనివాళ్ళు అతన్ని అందుకే పెట్టుకున్నారు. బురదలోంచి బస్సును లాగాలంటే తొందర లేనివాడే కావాలి మరి.

ఆదయ్య మఫ్లరు కళ్ళదాకా లాక్కున్నాడు.

"ఓ నత్తా! జర జల్దీ రారాదు, బస్సు ముసల్ది అయిపోతున్నది!" పాండు వెక్కిరించాడు.

రాయమల్లు ట్రాక్టరు దిగి, నలభై అయిదేళ్ళ ముఖమంతా నవ్వుతూ, "జల్దీ పోయి ఒక్కసారి గురుజీ ఇంటి దేగ్ పగలగొట్టిన పాండన్నా. ఆ దినం సంది రెండో గేర్ దాటలే. గురుజీ అంతటోడు తేజీగ మలిపినవ్ అన్నడంటే, మలిపే ఉంట. నాకే తెల్వలే," అన్నాడు. అప్పుడే బల్ల మీద మఫ్లరును చూసి, చేతులు జోడించాడు. "నమస్తే గురుజీ! పాణం మంచిగ లేదా?"

ఆదయ్య బల్ల మీంచి సగం లేచాడు. వీడికి తెలియదు! తొమ్మిదేళ్ళుగా తనను క్షమించి ఊరుకున్నాడనుకున్నవాడు, అసలు తనను అనుమానించనే లేదు. గురుజీ చెప్పాడు కాబట్టి తప్పు తనదే అనుకుని, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కుతూ బతుకుతున్నాడు.

జలీల్ సాబ్ గొడుగు మొనతో బురదలో చిన్న గీత గీస్తూ కూర్చున్నాడు.

ఆదయ్య మఫ్లరు తీశాడు. గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసానికి అలవాటుపడ్డ గొంతు అది, సామెతో శ్లోకమో అందుకోవాలని చూసింది. ఏదీ అందలేదు.

"ముడి నేనే ఎయ్యలే రాయమల్లూ. నీ తప్పు లేదు."

ఏడు మాటలు. తొంభై మూడు మిగిలాయి.

రాయమల్లు నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. "ఏ ముడి గురుజీ?"

"దేగ్‌కు. చుట్లు చుట్టి, ముచ్చట్ల పడి, ముడి మర్చిన. మంది అడిగిండ్రు. నీ పేరు చెప్పిన. నువ్వు మంచిగనే మలిపినవ్."

వాన సన్నగా పడుతోంది. రెండు బస్సుల జనమూ చెవులు ఇటే పెట్టారు. రాయమల్లు తన రెండు అరచేతులూ ఒకసారి చూసుకున్నాడు, స్టీరింగు పట్టుకున్నట్టే. తర్వాత జలీల్ సాబ్ వైపు తిరిగాడు.

"సాబ్, మీరు నాకు రెండుమార్లు చెప్పిండ్రు గద! తాడుకు ముడి మరక లేకుండె, నీ తప్పు కాదురా అని."

"చెప్పిన. నమ్మినవా?"

"నా మనసు ఖుష్ చేస్తున్నరు అనుకున్న."

"ముప్పై నాలుగేండ్లు లారీల తాళ్ళే చూసిన. ముడి పడ్డ తాడు వంకర పోతది. అది తిన్నగ ఉండె," అన్నాడు జలీల్ సాబ్ నిదానంగా. "కుబ్రాకు కూడ చెప్పిన. మాస్తర్ నోట ఇంటెనే నమ్ముత అన్నది. కట్టినోడు చెప్పాలె. నేను చెప్తే ఉత్త నాకా రిపోర్ట్."

ఆదయ్యకు అప్పుడు వెలిగింది. నాలుగుసార్లూ ఒకే విషయం! పులి కథ వచ్చింది, సాబ్ ఓపికపట్టాడు. గజదొంగ వచ్చాడు, ఓపికపట్టాడు. ఆఖరికి మేఘాన్ని కూడా భరించాడు. ఎప్పుడో ఒకప్పుడు దేగ్ వస్తుందని, లారీ కోసం నాకా గేటు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అంతా తెలిసి నన్ను ఒక్కమాటైనా అడగలేదేంది జలీల్ భాయ్? గ్రూపుల ఒక్క ప్రశ్న వేస్తే అయిపోయేది గద?"

"గ్రూపుల ఏస్తే అందరు చదువుతరు. గుమ్మంల ఏస్తే రాసినోడొక్కడే ఇంటడు," అని, జలీల్ సాబ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కథ చదివినంక ఊకె గులాబీ పెట్టుడు నాకు రాదు."

భీమ్‌రావు గొంతు ఎందుకు తగ్గిందో ఆదయ్యకు ఇప్పుడు అర్థమైంది. గురువారం అతను గ్రూపులో పెట్టిన ఫొటోలో వాళ్ళావిడ ముక్కున ఏదో మెరిసింది. ఫోను లోపం అనుకున్నాడు.

రాయమల్లు ఇంకా నిలబడే ఉన్నాడు. కోప్పడాలో వద్దో తేల్చుకోలేక, ముందు టైరును ఒక్క తన్ను తన్నాడు.

"తొమ్మిదేండ్లు రెండో గేర్ల నడిపిన గద గురుజీ! నా పెండ్లాం సుత నత్త అన్నది. మూడో గేర్ ఎటు పడతదో మర్చిపోయిన!"

"ఏం శిక్ష ఏస్తవో ఎయ్యి బిడ్డా."

"నాలుగో తరగతిల మేం తప్పు చేస్తే మీరేం చేయించేటోళ్ళు?"

"నూరుసార్లు రాయించేటోణ్ణి."

"నూరుసార్లు వద్దు. కుబ్రా బీ ముంగట ఒక్కసారి చెప్పుండ్రి. ఇయ్యాలనే." ట్రాక్టరు సీటు కిందినుంచి చేతి మందం మోకు తీసి ఆదయ్య ఒళ్ళో పడేశాడు. "ఇగ ముందుగాల ఈ బస్సుకు మీరే కట్టుండ్రి. నేను కట్ట. ముచ్చట్లు వద్దు."

రెండు బస్సుల జనం చూస్తుండగా గురుజీ పంచె ఎగగట్టి మోకాలిలోతు బురదలోకి దిగాడు. మోకు బస్సు కొక్కేనికి చుట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. "గురుజీ, వెనుకటి రాజుల ముచ్చట ఏదన్న చెప్పుండ్రి!" అని పాండు ఊరించాడు. గురుజీ పళ్ళు బిగించి మూడో చుట్టు చుట్టి, ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసి, నమ్మకం చాలక మూడోది కూడా వేశాడు.

ట్రాక్టరు మూలిగింది. మోకు బిగుసుకుంది. బస్సు చక్రం ఒక పళ్ళెమంత బురదను గురుజీ చొక్కా మీదకు చిమ్మి, గట్టెక్కింది. జనం ఈలలు వేశారు. గురుజీ కూడా వేశాడు, ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలు వేస్తే చెవి మెలేసినవాడు. తొమ్మిదేళ్ళుగా ఛాతీ మీద కూర్చున్నదేదో ఆ బస్సుతోపాటే లేచిపోయినట్టుంది. చామోర్షి టికెట్టు జేబులో తడిసి ముద్దైంది. ఆయన దాన్ని బురదలోనే వదిలేసి, తిరుగు బస్సు ఎక్కాలనుకుని, అంతలోనే మనసు మార్చుకుని ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు.

"సాయంత్రం దాకా పని ఉన్నది గురుజీ," అన్నాడు రాయమల్లు.

"ఉండనియ్యి. కుబ్రా బీ ఇంటికి నీతోనే వస్త. నువ్వు లేకుంటే మల్ల రాజు, మంత్రి అంటనేమో."

జలీల్ సాబ్ గొడుగు చంకన పెట్టుకుని, బస్సు కొక్కెం నుంచి జార్చి పడేసిన మోకు దగ్గరికి వచ్చాడు. వంగి, ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు. అటు లాగాడు, ఇటు లాగాడు. తర్వాత గొడుగు తిరగేసి, పిడితో ముడి మీద టక్కుమని ఒక్కటి కొట్టాడు.

"పాస్."

"నా కథో?" అని అరిచాడు ఆదయ్య, మడ్‌గార్డు మీదనుంచి.

అప్పటికే జలీల్ సాబ్ వెనక్కి తిరిగాడు. జుమ్మాకు ఆలస్యమవుతోంది. కల్వర్టు అవతల ఆగి హారన్ కొడుతున్న బస్సు వైపు, పైజామా అంచులు పైకి పట్టుకుని, గుంతలు దాటుకుంటూ నడిచాడు. పోయొస్తానని చెప్పలేదు, వెనక్కి చూడలేదు. రాయమల్లు మాత్రం గేరు కర్రను అటూ ఇటూ కదిపి, మూడోది ఎక్కడుందో వెతుకుతున్నాడు.